ఫ్రేజర్ మంచుకొండ మీద కొసరు బేరం

చికాగో నుంచి కొలరాడోలోని ఫ్రేజర్‌కి రైల్లో వెళ్ళాలనుకునేవాళ్ళకి మొదటే ఒక మాట. బండి మధ్యాహ్నం రెండింటికి బయల్దేరి, మర్నాడు పొద్దున పది దాటాక దింపుతుంది. దుప్పటి తెచ్చుకోండి, తినడానికి ఏదైనా తెచ్చుకోండి. స్వీట్లు మాత్రం ఎవరికి పెడుతున్నారో చూసుకుని పెట్టండి. ఆ చివరి మాట ఎందుకన్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఇది రెండువేల పన్నెండు మార్చి సంగతి. ప్రయాణానికి కారణం మా బావగారు. అక్కావాళ్ళు డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉంటారు. బావగారు సీటు బెల్టులు పరీక్షించే ఇంజనీరు. రోజంతా బొమ్మ మనుషుల్ని కార్లో కూర్చోబెట్టి, కారుని గోడకి గుద్దించి, వాళ్ళ మెడలు ఎంత వంగాయో కొలుస్తూ ఉంటారు. అలాంటి మనిషి కూతురు లాస్య, ఏ బెల్టూ లేకుండా మంచుకొండ మీంచి గాల్లోకి లేచి, తలకిందులుగా తిరిగి మళ్ళీ మంచు మీద వాలే ఆట పట్టుకుంది. ఫ్రీస్టైల్ స్కీయింగ్ అంటారు. పిల్లకి పద్దెనిమిదేళ్ళు. హైస్కూల్ అయ్యాక కాలేజీని ఒక ఏడాది వాయిదా వేసి, జనవరి నుంచి కెనడా, అమెరికా కొండలన్నీ పోటీల కోసం తిరుగుతోంది. నాలుగైదు దేశాల పిల్లలు వస్తారట ఆ పోటీలకి.

తండ్రీకూతుళ్ళకి ముందే ఒక ఒప్పందం కుదిరింది. సీజన్‌లో చివరిదైన ఫ్రేజర్ పోటీలో మొదటి ఆరుగురిలో ఉంటే ఇంకో సీజన్ ఆడుకోవచ్చు. లేకపోతే ఆగస్టులో బుద్ధిగా కాలేజీకి. ఒప్పందం చేసుకున్నప్పుడు బావగారు ధీమాగానే ఉన్నారు. జనవరిలో లాస్యది పందొమ్మిదో స్థానం. ఫిబ్రవరిలో పన్నెండు. మార్చి మొదట్లో ఎనిమిది. ఆ రోజే నాకు ఫోన్ చేశారు.

"రమా, ఇది ఆరులోకి వచ్చేలా ఉంది" అన్నారు, ఊరి మీదకి తుఫాను వచ్చేలా ఉంది అన్నట్టు. "నువ్వొకసారి వెళ్ళు. ఆరులోకి వచ్చినా రాకపోయినా ఆగస్టులో కాలేజీకి వస్తానని మాట తీసుకో. బేరంలో నిన్ను మించినవాళ్ళు మనింట్లో ఎవరున్నారు?"

"మీరే వెళ్ళొచ్చుగా బావగారూ?"

"నేను చూళ్ళేనమ్మా. అది గెంతినప్పుడల్లా నాకు దాని మోకాళ్ళ మీద ఎంత బరువు పడిందో నంబరు కనిపిస్తుంది."

బేరం అనగానే పొంగిపోయాను. అదీ నా బలహీనత. భీమవరంలో మాది స్టీలు సామాన్ల కొట్టు. నాకు నడక రాకముందే గంగాళంలో కూర్చోబెట్టి బేరాలు వినిపించారట. గిన్నెల సెట్టు కొన్నవాళ్ళు కొసరుగా ఒక గరిటో చెంచానో రాబట్టకుండా కొట్టు దిగరు. మా నాన్న ఇవ్వనంటూనే ఇచ్చేవాడు, ఇచ్చాక ఇవ్వాల్సింది కాదనేవాడు. ఎవరైనా "ఎంత?" అని అడిగితే వెంటనే రేటు చెప్పేవాడు కాదు. భుజం మీది తువ్వాలు తీసి ఆ గిన్నెని నిదానంగా తుడిచేవాడు. "ఎంత అని అడిగినవాడు ఎక్కడికీ పోడే, వాణ్ణి కాస్త నిలబడనీ" అనేవాడు. ఇప్పుడు నేను చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఒక పెద్ద దుకాణంలో, జనం కొన్న సరుకు వెనక్కి తెచ్చే కౌంటర్లో పనిచేస్తున్నాను. తొడిగిన చెప్పులు తొడగలేదని ఒట్టేసేవాళ్ళతో రోజూ ఎనిమిది గంటలు. పద్దెనిమిదేళ్ళ పిల్ల నాకో లెక్కా అనుకున్నాను.

గురువారం పొద్దున లేచి లాస్యకిష్టమని మడత కాజాలు చేశాను. పుట్టినప్పుడు దానికి మా నాన్న పంపిన స్టీలు డబ్బా ఒకటి నా దగ్గర ఉండిపోయింది. మూత మీద చుక్కలు చుక్కలుగా తెలుగులో 'లాస్య' అని కొట్టించి ఉంటుంది. అందులో సర్దాను. పదకొండు దాటాక మా ఆయన నన్ను లోకల్ రైలు ఎక్కిస్తూ, "కొలరాడోని కూడా డిస్కౌంట్‌లో తీసుకురా" అన్నాడు. యూనియన్ స్టేషన్‌లో పెద్ద బండి సరిగ్గా రెండింటికి కదిలింది.

పడుకునే గదులు ఖరీదని కూర్చునే సీటే కొన్నాను. సీటు మన బస్సు సీటుకి రెండింతలు ఉంది. పక్క సీట్లో డెబ్బై ఏళ్ళావిడ, పేరు డోనా. ఒళ్ళో ఊలు ఉండ, చేతిలో సూదులు. ఆవిడా ఫ్రేజర్‌కే! మనవరాలు అదే పోటీలో ఉందట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ ఆటలో మార్కులెలా వేస్తారో జనవరి నుంచీ ఎవరూ నాకు అర్థమయ్యేలా చెప్పలేదు.

అయిదున్నరకి బండి మిసిసిపీ నది దాటుతుంటే పాఠం మొదలైంది. డోనా ఊలు సూదితో టేబుల్ మీద గీసి చూపించింది. కొండ వాలంతా నడుము ఎత్తు మంచు గుట్టలు. వాటి మధ్యనుంచి మెలికలు తిరుగుతూ దిగాలి. దారిలో రెండుచోట్ల ఎగరాలి.

"ఎవరు ముందు దిగితే వాళ్ళే గెలిచినట్టు. అంతే కదా?" అన్నాను.

"కాదు కాదు. వేగానికి పావు వంతే. సగం మార్కులు మలుపులకి. మిగతా పావు గెంతులకి. మా పిల్ల అందరికన్నా వేగంగా దిగుతుంది, ఎప్పుడూ పది తర్వాతే ఉంటుంది."

"వేగంగా దిగితే ఓడిపోతారా?"

"వేగంగా దిగుతూ, కలిసి ఉండాల్సిన మోకాళ్ళు విడిపోతే ఓడిపోతారు."

"మోకాళ్ళు విడిపోయాయని చెప్పేదెవరు?"

"అయిదుగురు మలుపులు చూస్తారు. ఇద్దరు గెంతులు చూస్తారు. వేగం మెషిన్ చూస్తుంది."

ఏడుగురు మనుషులూ ఒక మెషినూ కలిసి ఒక పిల్లని తూకం వేస్తారన్నమాట. మా కొట్లో ఒక్క కాటాతోనే రోజుకి నాలుగు తగువులు వచ్చేవి. బుర్ర తిరిగి, డబ్బా తీసి డోనాకి ఒక కాజా పెట్టాను. తిని, వేళ్ళు నాక్కుని, అప్పుడే అల్లడం ముగించిన ఆకుపచ్చ టోపీ నా తల మీద పెట్టేసింది. వద్దంటే వినలేదు. ఊరికే తీసుకోవడం మా వంశంలో లేదు కాబట్టి ఇంకో రెండు కాజాలు ఇచ్చాను. తెల్లారేదాకా ఆవిడకి లాస్య గురించే చెప్పాను. నిద్రలో కూడా చెప్పానట.

డెన్వర్ ఏడుంపావుకి వచ్చింది. అక్కణ్ణుంచి బండి కొండలెక్కుతూ ఆరు మైళ్ళ సొరంగంలో దూరింది. పది నిమిషాలు చీకటి, ఫోన్‌కి సిగ్నల్ లేదు. బయటికొస్తే కళ్ళు చెదిరే తెలుపు. ఫ్రేజర్‌లో నలభై నిమిషాలు ఆలస్యంగా దిగాం. స్టేషన్ అంటే చిన్న గది, ఒక బల్ల.

బస దగ్గర నా తెలివి చూపించాను. ఊరి చివర మోటెల్‌లో కౌంటర్ ఆవిడతో, రోజూ గది ఊడ్చక్కర్లేదు, తువ్వాళ్ళు మార్చక్కర్లేదు అని ఒక్కోటీ తగ్గించుకుంటూ వచ్చి, పది డాలర్లు దింపాను. ఆవిడ నవ్వుతూ తాళం ఇచ్చింది. గదిలోకి వెళ్ళాక తెలిసింది, హీటర్ ట్రాక్టర్‌లా మోగుతుందని. ఊళ్ళోంచి కొండ దగ్గరికి బస్సు ఉచితం. డ్రైవర్‌ని రెండుసార్లు అడిగాను, "నిజంగా ఏమీ ఇవ్వక్కర్లేదా?" అని. బేరమాడటానికి ఏమీ లేని చోట నాకు కాళ్ళూ చేతులూ ఆడవు.

పన్నెండింటికి కొండ కింద కంచె దగ్గర లాస్య కనిపించింది. హెల్మెట్, కళ్ళద్దాలు, మోకాళ్ళ మీద రంగు గుడ్డలు. జడ్జీలకి మోకాళ్ళు బాగా కనిపించడానికట.

"పిన్నీ! యూ కేమ్! నువ్వు ట్రైన్‌లో ఒక్కదానివే వచ్చావా? ఆ టోపీ ఏంటి, సో క్యూట్!" అంటూ మీద పడింది. డబ్బా చూపిస్తే మూత మీద పేరు వేలితో తడిమి, వాసన చూసి, మళ్ళీ మూసేసింది. "ఇప్పుడు వద్దు. రేపు ఫైనల్ అయ్యాక తింటాను. నీ దగ్గరే ఉంచు, ఓకే?"

తలెత్తి ఆ వాలు చూశాను. చక్కటి నున్నని కొండని ఎందుకిలా గుంతలు గుంతలుగా చేశారో అర్థం కాలేదు. మా ఊళ్ళో నాలుగు వానలు పడితే రోడ్డుకి ఇవి ఊరికే వస్తాయి.

ఆ రోజు ప్రాక్టీస్. లాస్య మూడుసార్లు దిగింది. మొదటి గెంతులో గాల్లో ఒక చుట్టు తిరిగి వాలింది. రెండో గెంతు వెనక్కి పల్టీ. మూడుసార్లూ వాలేటప్పుడు తూలింది. ఒకసారి పడి, ఒక స్కీ ఒకవైపు, పిల్ల ఒకవైపు జారాయి. పిల్ల లేచి మంచు దులుపుకుని, "ఇట్స్ ఫైన్ పిన్నీ" అంది.

"ఇదేం ఫైనే? మీ నాన్న చూస్తే..."

"అందుకే డాడీ రాలేదు. నిన్ను పంపించాడు. బేరం చెయ్యడానికి, కదా?"

గుట్టు ముందే తెలిసిన కొనుగోలుదారుతో బేరం ఏమాడతాం?

"అమ్మ చెప్పేసింది" అని నవ్వింది. "రేపు అయ్యాక మాట్లాడదాం. పిన్నీ, ఆ సెకండ్ జంప్ ఉంది కదా, ఈ సీజన్ మొత్తంలో ఒక్కసారి కూడా క్లీన్‌గా ల్యాండ్ అవ్వలేదు. ఒక్కసారి. నాకు అదొక్కటే కావాలి. నువ్వు చూడాలి."

శనివారం పొద్దున పదింటికి అర్హత పోటీ. ముప్పై ఎనిమిది మంది అమ్మాయిలు, అందులో పదహారు మంది ఫైనల్‌కి. లాస్య అయిదో స్థానంలో వచ్చింది. రెండో గెంతు మళ్ళీ తూలింది కానీ నిలబడింది. నేను గొంతు పోయేలా అరిచాను. డోనా మనవరాలు తుపాకీ గుండులా దిగింది. అందరికన్నా తక్కువ సమయం, స్థానం పదకొండు. నా పక్కనే పడి లేచిన జపాన్ అమ్మాయి, ఇరవై తొమ్మిది. పడకుండా చక్కగా దిగిందనుకున్న ఒక పిల్ల, ముప్పై ఒకటి. పడినావిడకన్నా నిలబడినావిడ కింద ఎలా ఉంటుందని డోనాని అడిగితే, "పడకముందు ఆ పిల్ల దిగిన తీరు చూశావా?" అంది. చూశాను. ఏమీ కనిపించలేదు.

ఫైనల్ ఒంటిగంటకి. మొదట్లో అన్న స్వీట్ల సంగతి పన్నెండున్నరకి జరిగింది.

కొండ కింద చెక్కలతో కట్టిన ఎత్తైన మంచె ఉంది. జడ్జీలు ఏడుగురూ అక్కడ కూర్చుని చేతులు రుద్దుకుంటున్నారు. చలి సున్నాకి ఎంత కిందో నాకు తెలీదు, నా కళ్ళజోడు ముక్కుకి అంటుకుపోయింది. పొద్దుట్నుంచీ కదలకుండా కూర్చున్నవాళ్ళని చూస్తే జాలేసింది. చేతిలో డబ్బా ఉంది. మా ఇంట్లో పద్ధతి ఒకటుంది. కొత్త కాటా తెచ్చిన రోజు, కాటా ముద్ర వేసేవాడికి, హమాలీకి, పక్క కొట్టువాడికి మా అమ్మ ముందు స్వీటు పెట్టేది. తూకం పట్టే మనిషి ఆకలి మీద ఉండకూడదంటుంది. అందులో మోసం లేదు. లంచమైతే మా అమ్మ కాజాలు పెట్టదు. ఒట్టు, నా మనసులో అంతకన్నా ఏమీ లేదు. మంచె వెనక మెట్లెక్కి, మూత తీసి, "చల్లగా ఉంది కదా, తలొకటి తీసుకోండి" అన్నాను.

ఏడుగురూ చేతులు వెనక్కి లాక్కున్నారు. పాముని చూసినట్టు.

నెరిసిన జుట్టు, ఎర్ర కోటు ఉన్నావిడ లేచి, నన్ను మెల్లగా మెట్ల దగ్గరికి తీసుకొచ్చింది. ఈవిడే ప్రధాన జడ్జీ అట.

"మేడమ్, మీరు ఏ అథ్లెట్ తాలూకు?"

ఎందుకని అడిగాను. ఆవిడ కోపం లేకుండా చెప్పింది. ఆడేవాళ్ళ తాలూకు మనుషులు జడ్జీలకి ఏమిచ్చినా రిపోర్ట్ రాయాలట. రాస్తే ఆ పేరుగల అమ్మాయి ఫైనల్‌లో దిగాలా వద్దా అనేది ఇక తన చేతిలో ఉండదట.

గబగబా డబ్బా మూత పెట్టేశాను. ఆ పిల్ల జనవరి నుంచి పడి లేస్తోంది. నేను నాలుగు కాజాలతో దాని ఏడాది మొత్తం...

"ఎవరి తాలూకూ కాదు" అన్నాను. "రైలు దిగాను. చూడ్డానికొచ్చాను."

ఆవిడ మూత మీది చుక్కల అక్షరాలు చూసింది. "ఇక్కడేం రాసుంది?"

"మా ఊరి పేరు."

ఆవిడ చేతిలోని కాగితంలో పదహారు పేర్లూ నిదానంగా చదివింది. తర్వాత నా మొహం చదివింది. ఆ కొండ మీద, పార్కింగ్ మనుషులతో సహా లెక్కేసినా, మా రంగువాళ్ళం ఇద్దరమే. ఒకతి పై నుంచి దిగబోతోంది. రెండోది కాజాల డబ్బాతో నిలబడి ఉంది.

"మంచిది" అంది. "మీరు ఎవరి తాలూకూ కాదు కాబట్టి, ఇక ఎవరి పేరూ అరవరు. మీ గొంతు నాకు వినిపించదు. అవునా?"

"వినిపించదండీ."

"ఈ డబ్బా పోటీ అయ్యేదాకా నా దగ్గర ఉంటుంది."

సరే అన్నాను. నలభై ఎనిమిదేళ్ళలో ఎదుటివాళ్ళు చెప్పిన మొదటి రేటుకే తల ఊపడం అదే మొదటిసారి.

ఫైనల్‌లో పొద్దున వెనకబడ్డవాళ్ళు ముందు దిగుతారు, మొదటివాళ్ళు చివర. అయిదో స్థానం కాబట్టి లాస్యది పన్నెండో వంతు. ఒక్కొక్కరే దిగుతుంటే కంచె దగ్గర జనం డబ్బాలు, గంటలు మోగిస్తున్నారు. డోనా మనవరాలి పేరు పెట్టి ఈలలేసింది. మైకులో లాస్య పేరు వచ్చింది, మూడు ముక్కలు చేసి పలికారు.

"అరవవేం?" అంది డోనా. "మీ అమ్మాయేగా!"

"కాదు."

"కాదా? రాత్రంతా చెప్పావు!"

"ఇంకో అమ్మాయి గురించి."

డోనా నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని.

పై నుంచి లాస్య కదిలింది. మొదటి గెంతు చూశాను. గొంతులోకి అరుపు వచ్చేసింది. చూస్తే అరుస్తాను, అరిస్తే మంచె మీదావిడకి వినిపిస్తుంది. నా గురించి నాకు తెలుసు. గబుక్కున తల దించి నా బూట్లు చూశాను. ఎడమ బూటు లేసు ఊడి ఉంది. దాన్నే చూస్తూ ఉన్నాను. మంచు గీసుకునే చప్పుడు, ఒక్క క్షణం నిశ్శబ్దం, మళ్ళీ చప్పుడు, జనం ఒక్కసారిగా అరిచారు. డోనా నా భుజం కుదిపేసింది. తలెత్తేసరికి లాస్య కిందకి వచ్చి, కళ్ళద్దాలు పైకి తోసి, కంచె పొడుగునా వెతుకుతోంది. నన్ను చూసింది. చెయ్యి ఎత్తింది. నేను మళ్ళీ బూటు లేసు చూశాను.

బోర్డు మీద మూడో స్థానం పడింది. ఇంకా నలుగురు దిగాలి. నలుగురిలో ఒక్కరు వెనకబడితే చాలు, మనం ఆరులో ఉంటాం. మొదటి అమ్మాయి దిగింది, లాస్య నాలుగుకి జారింది. రెండో అమ్మాయి, అయిదు. మూడో అమ్మాయి గుట్టల మధ్య తడబడింది. నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. బోర్డు మీద ఆరు పడింది. తడబడినావిడ పైకెలా వెళ్ళిందని డోనాని అడగబోయి మానేశాను. చివరి అమ్మాయి పొద్దున మొదటొచ్చిన కెనడా పిల్ల. ఆవిడ దిగుతుంటే నాకే తెలిసిపోయింది.

ఏడు.

బహుమతులయ్యాక లాస్య స్కీలు భుజాన వేసుకుని వచ్చింది. మొహం గట్టిగా ఉంది.

"నేను చూశాను. నువ్వు కిందకి చూశావు" అంది. "రెండుసార్లు. క్లాప్ కూడా చెయ్యలేదు. డాడీ అలా చెయ్యమన్నాడా?"

చెప్పడానికి నోరు తెరిచేలోగా ఎర్ర కోటావిడ మా దగ్గరికి వచ్చింది. డబ్బా నా చేతిలో పెట్టి, "మీది. అన్నీ ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు" అంది. మా ఇద్దరి ముక్కుల్నీ మార్చి మార్చి చూసి, "మాట్లాడుకోవడానికి మీకెవరో దొరికినట్టున్నారు, సంతోషం" అని వెళ్ళిపోయింది. మా ఇళ్ళల్లో ముట్టకుండా తిరిగొచ్చిన స్వీటు డబ్బా అంటే తగువు. ఆవిడ మర్యాద చేసిందో అవమానించిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"వెయిట్. హెడ్ జడ్జ్ దగ్గర నా డబ్బా ఎందుకుంది?"

మొత్తం చెప్పాను. మెట్లు, కాజాలు, ఎవరి తాలూకూ కాదనడం, ఊరి పేరు. లాస్య మొహం చూస్తూ చెప్పలేక డబ్బాకి చెప్పాను. తలెత్తితే పిల్ల మంచులో కూలబడి ఉంది, కళ్ళలో నీళ్ళు, పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"పిన్నీ, నువ్వు జడ్జెస్‌కి కాజాలిచ్చావు... అయినా నాకు సెవెంతా?"

నేనూ పక్కన కూలబడ్డాను. అక్కడే ఇద్దరం తలా రెండు కాజాలు తిన్నాం. చలికి పాకం రాయైపోయింది, కొరికితే పళ్ళు కదిలాయి.

నవ్వు ఆగాక నెమ్మదిగా అడిగింది. "అయితే సెకండ్ జంప్ చూడలేదా?"

"ఏమైంది?"

"క్లీన్‌గా ల్యాండ్ అయ్యాను. పర్ఫెక్ట్‌గా. ఫస్ట్ టైమ్."

నేను చూడలేదు. బూటు లేసు చూశాను.

"పర్లేదులే" అంది, చేతులకి అంటిన పాకం మంచుకి తుడుచుకుంటూ. "డాడీకి చెప్పు. ఆగస్ట్, ఓకే. డీల్ ఈజ్ డీల్."

అంతే. ఇంకో మాట లేదు. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన పని అయిపోయింది. మా బావగారు కోరిన మాట, ఒక్క ఎదురు ప్రశ్న లేకుండా ఒళ్ళో పడింది. సంతోషించాలి కదా. మోటెల్ గదిలో ట్రాక్టర్ మోగుతుంటే కూర్చుని ఆలోచించాను. మా వంశంలో పుట్టిన పిల్ల అడిగిందానికి అడిగినట్టు ఒప్పుకోవడమేమిటి? బేరమాడకుండా ఇచ్చేశారంటే, సరుకు మీద ఆశైనా వదిలేసి ఉండాలి, అడగడానికి నోరైనా రాక ఉండాలి. ఇది రెండోది అనిపించింది. ఆశ వదిలేసిన పిల్ల "చూడలేదా?" అని అలా అడగదు.

ఆదివారం తిరుగు బండి మధ్యాహ్నం మూడు యాభైకి. లాస్య స్టేషన్‌కి వచ్చి నా సంచి ఎక్కించింది. మిగిలిన కాజాలు దాని కోచ్‌కి, తోటి ఆటగాళ్ళకి పంచేసి, ఖాళీ డబ్బా నాకిచ్చింది. "నీ దగ్గరే ఉంచు పిన్నీ. డాడీతో గొడవ పడకు, ఓకే?"

"గొడవెందుకే? నాకు గొడవ చేతకాదు" అన్నాను. ఒక్కటే చేతనవుతుంది.

డోనా రాలేదు, ఇంకో వారం ఉంటుందట. ముందురోజు కొండ దగ్గర విడిపోయేటప్పుడు నా చేతిలో చిన్న కాగితం పెట్టింది. అందులో మార్కులు ఎలా వేస్తారో పది వాక్యాల్లో రాసింది. బండిలో రెండుసార్లు చదివాను. మీలో ఎవరైనా ఫ్రేజర్ వెళ్తే కొండ చూడండి, సొరంగం చూడండి, ఆ పిల్లలు గాల్లోకి లేవడం చూడండి. చూడగలిగినంతసేపు తల దించకుండా చూడండి. మార్కుల జోలికి వెళ్ళకండి. నేను నాలుగు రోజులు వెళ్ళి, ఎవరు ఎందుకు గెలిచారో తెలియకుండా వచ్చాను. మోకాళ్ళు విడిపోవడం అంటే ఏమిటో ఇప్పటికీ నాకు కనిపించదు.

బండి కదిలిన కాసేపటికి బావగారి ఫోన్.

"మీ అక్క చెప్పింది, ఏడు అట కదా." గొంతులో ఊపిరి వదిలిన చప్పుడు. "మోకాళ్ళు బాగానే ఉన్నాయా?"

"బాగున్నాయి."

"మాట తీసుకున్నావా?"

"తీసుకున్నాను. ఆగస్టులో వస్తానంది."

"అంత తొందరగా ఒప్పుకుందా? ఏమీ అడగలేదా?"

"అడగలేదు బావగారూ. అదే నాకు నచ్చలేదు. ఆరు అన్నారు మీరు. ఆరు కొన్నాక ఏడోది కొసరు. ఏ ఊళ్ళోనైనా అంతే. కొసరు ఇవ్వకుండా బేరం ముగిసినట్టు కాదు."

"కొసరా? ఎవరికి?"

"దానికి. నాక్కూడా. నేను చూడాల్సింది ఒకటి చూడలేదు."

"రమా, నువ్వు ఎవరి తరఫున వెళ్ళావు అసలు?"

జవాబు చెప్పేలోగా సొరంగం వచ్చింది. చీకటి, ఫోన్ చచ్చిపోయింది. మంచె మెట్ల మీద కూడా ఇదే అడిగారు. అప్పుడు చెప్పింది అబద్ధం. ఇప్పుడు నిజం చెప్పమంటే ఏది నిజమో తెలీడం లేదు. ఆరు మైళ్ళు అలా కూర్చున్నాను. నాన్న అయితే ఏమనేవాడో. బేరం తెచ్చిపెట్టమని పంపితే కొనేవాడి పక్కకి చేరిందని మొట్టికాయ వేసేవాడు. వేసి, గరిట ఇచ్చేవాడు.

వెలుగు వచ్చింది. ఫోన్ ఒక్కసారి వణికింది. బావగారి మెసేజ్, రెండే ముక్కలు.

"కొసరంటే ఎంత?"

డెన్వర్ ఇంకా రెండు గంటల దూరం ఉంది. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. ఫోన్ సీటు మీద బోర్లా పెట్టి, ఒళ్ళోని ఖాళీ డబ్బా తీసుకున్నాను. మూత మీద చుక్కల అక్షరాల చుట్టూ పాకం ఎండి ఉంది. డోనా ఇచ్చిన ఆకుపచ్చ టోపీ తలమీంచి తీసి, ఆ మూతని నిదానంగా తుడవడం మొదలుపెట్టాను.